ఇంటి నుంచా, ఆఫీసుకా, రెండూ కలిపా? ఉద్యోగం వెతుక్కునేవాళ్లు కాస్త చెప్పండి

కొర్లగుంట హెచ్‌ఆర్:

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి మనుషుల్ని తీసుకునే పని నాది. ఆస్పత్రులకు, డయాగ్నస్టిక్ సెంటర్లకు బిల్లింగ్, అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్ చేస్తాం. ఆఫీసు ఎయిర్ బైపాస్ రోడ్డు పక్క సందులో, మెడికల్ షాపు పైన రెండో అంతస్తు. ఇప్పుడు ఇద్దరు డెవలపర్లు, ఒక టెస్టర్, ఒక సపోర్ట్ ఇంజనీర్ కావాలి. "వారానికి మూడు రోజులు ఆఫీసు, రెండు రోజులు ఇల్లు అని రాయమ్మా, అందరికీ నచ్చుతుంది" అన్నారు మా యజమాని. అట్లాగే ప్రకటన ఇచ్చాం.

ఫోన్లు బాగానే వస్తున్నాయి. కానీ మాట ఒకే చోట తెగిపోతోంది. ఇదివరకు జీతం ఎంత, బాండ్ ఉందా, ప్రొబేషన్ ఎన్ని నెలలు అని అడిగేవాళ్లు. ఇప్పుడు కంపెనీ ఏం చేస్తుందో నేను చెప్పేలోపే "వారానికి ఎన్ని రోజులు రావాలి మేడమ్?" అంటున్నారు. మూడు అనగానే కొందరు సంతోషంగా సరే అంటారు. కొందరు ఇంట్లో అడిగి చెబుతామని పెట్టేసి, మళ్లీ ఫోన్ ఎత్తరు. ఇంకొందరు రోజూ రావచ్చా అని అడుగుతున్నారు. అట్లా అడిగేవాళ్లు ఇంతమంది ఉంటారని నేను అనుకోలేదు.

పలమనేరు నుంచి ఒక టెస్టర్ అబ్బాయి మాట్లాడాడు. పని మీద మంచి పట్టుంది. మేమిచ్చిన డెమోలో ఒకే పేషెంటుకు రెండు బిల్లులు పడే తప్పును కాసేపట్లోనే పట్టేశాడు. జీతం దగ్గరా పేచీ లేదు. మూడు రోజుల మాట రాగానే ఆగి, లెక్క చెప్పాడు. "మేడమ్, రోజూ మొగిలి ఘాట్ దిగి చిత్తూరు మీదుగా తిరుపతికి వచ్చి పోవడం నాతో కాదు. రూమ్ తీసుకోవాల్సిందే. మూడు రోజులే ఉంటానంటే హాస్టల్ వాళ్లు మూడు రోజుల డబ్బు తీసుకోరు కదా, నెలంతా కట్టాలి. దానికి తోడు ప్రతి వారం పోనూ రానూ చార్జీలు. ఐదు రోజులు ఆఫీసైతే చాలా వారాలు తిరుపతిలోనే ఉండిపోతాను, బస్సు ఖర్చయినా మిగులుతుంది. పూర్తిగా ఇంటి నుంచైతే రెండూ లేవు. అన్నిటికన్నా నాకు ఈ మూడు రోజులదే ఎక్కువ ఖర్చు."

అప్పటి నుంచి నాకు అదే ఆలోచన. మా యజమాని ఇల్లు భవానీ నగర్, నాది కొర్లగుంట. మూడు రోజులంటే మాకు బండి మీద కొద్ది నిమిషాల పని. అదే రూలు ఘాట్ అవతల ఉన్నవాళ్లకు పూర్తి ఆఫీసుతో సమానం, ఖర్చులో ఇంకాస్త ఎక్కువ.

ఇలాంటివాళ్లను పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు బెంగళూరు, చెన్నై, హైదరాబాదుల నుంచి మన పిల్లలు లాప్‌టాప్ సంచులతో ఇళ్లకు చేరారు. కొందరు ఇక్కడే పెళ్లిళ్లు చేసుకున్నారు, ఇళ్లు కట్టుకున్నారు, అమ్మానాన్నల మందులూ ఆస్పత్రులూ చూసుకుంటున్నారు. తర్వాత పెద్ద కంపెనీలు వెనక్కి పిలిచాయి. టీసీఎస్ 2023 అక్టోబరు నుంచి వారానికి ఐదు రోజులూ రమ్మంది, అమెజాన్ 2025 జనవరి నుంచి అదే చెప్పింది. తిరిగి పోలేనివాళ్లు ఇప్పుడు మా లాంటి చిన్న కంపెనీల వైపు చూస్తున్నారు. ఇంత అనుభవం ఉన్నవాళ్లు ఇదివరకు మాకు దొరికేవాళ్లే కాదు.

అందుకే అడుగుతున్నాను. ఏది కావాలన్నదొక్కటే కాకుండా ఎందుకో కూడా రాయండి. ఇల్లు ఎంత దూరం? ఇంట్లో పనికి చోటుందా? ఏ మాట వింటే ఆఫర్ వదులుకుంటారు? ఇవన్నీ చూపించి మా యజమానితో మాట్లాడాలి.

శ్రీకాళహస్తి ఫ్రెషర్:

అక్కా, నేను ఈ ఏడాదే బీటెక్ పూర్తి చేశాను. నాకు మొదటి ఏడాది రోజూ ఆఫీసే కావాలి.

ఇంటి నుంచి పని దొరికినోడిదే అదృష్టం అంటారు మా క్లాస్ వాట్సాప్ గ్రూపులో. మా ఇల్లు రెండు గదులు. ముందు గదిలో నాయనమ్మ మంచం, టీవీ. లోపలి గదిలోనే వంట, పడక. చివరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ అక్కడి నుంచే చేశాను. ఎర్రర్ వస్తే టీమ్ లీడ్‌కు మెసేజ్ పెట్టి, జవాబు వచ్చేదాకా స్క్రీన్ చూస్తూ కూర్చునేవాణ్ని. ఆయన మీటింగుల్లో ఉండేవారు, ఆయన్ను తప్పుపట్టలేను. పక్కనే ఉండి ఉంటే కుర్చీ తిప్పి అడిగేవాణ్ని. ఇంటర్న్‌షిప్ అయ్యాక చూస్తే ఆ టీమ్‌లో ఒక్కరి ముఖం కూడా నాకు సరిగ్గా తెలియదు. రిఫరెన్స్‌కు ఎవరి పేరు రాయాలో తోచలేదు.

కాళహస్తి నుంచి తిరుపతికి బస్సులు పొద్దున్నుంచీ ఉంటాయి, గంట ప్రయాణం. వచ్చి పోగలను. అయితే నన్ను ఆఫీసుకు రమ్మని, సీనియర్లంతా ఇంట్లో ఉంటే నేను వచ్చి ఏం లాభం? అక్కడా హెడ్‌ఫోన్ పెట్టుకుని కాల్‌లోనే మాట్లాడాలి. నేను ఆఫర్ వదులుకునేది అట్లాంటి చోటే. నేర్పించేవాళ్లు ఏ రోజుల్లో ఆఫీసుకు వస్తారో ముందే చెప్పండి అక్కా, మిగతావన్నీ నేను సర్దుకుంటాను.

శ్రీసిటీ షిఫ్ట్ ఇంజనీర్:

అమ్మా, నేను శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీ ప్రొడక్షన్‌లో ఉన్నాను. మా లైన్ మీద ఇంటి నుంచి పని అనే మాటే రాదు. ఇంటర్వ్యూకు వచ్చే డిప్లొమా పిల్లలు కంపెనీ బస్సు ఎక్కడ ఎక్కాలి, నైట్ షిఫ్ట్ ఎన్నాళ్లకోసారి పడుతుంది, షిఫ్ట్ పట్టిక ఎంత ముందు వేస్తారు అని అడుగుతారు. వాళ్లకు కావలసిందీ మీ వాళ్లకు కావలసిందీ ఒకటే, తమ రోజు తమకు ముందే తెలియాలి.

మీ సపోర్ట్ ఇంజనీర్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నా. ఆస్పత్రి కౌంటర్లో ప్రింటర్ ఆగిపోతే, బయట రోగులు క్యూలో నిలబడి ఉంటే, అతను పోవాల్సిందే. డెవలపర్‌కు రెండు రోజులు ఇల్లు, అతనికి సున్నా అయితే కొన్నాళ్లకే మనసు విరిగిపోతుంది. మా దగ్గర ప్లానింగ్ వాళ్లకు శనివారం ఇంటి నుంచి ఇచ్చి, లైన్ వాళ్లకు ఏమీ ఇవ్వనప్పుడు పెద్ద గొడవే అయింది. తర్వాత లైన్ వాళ్లు షిఫ్టులు తమలో తాము మార్చుకునే వీలిచ్చారు. అప్పుడు చల్లబడ్డారు. ఇల్లు ఇవ్వలేకపోతే ఇంకేదైనా ఇవ్వండి.

మురకంబట్టు కోడర్:

అక్కా, పలమనేరు తమ్ముడి లెక్క అక్షరాలా నిజం. మాది చిత్తూరు, మురకంబట్టు దగ్గర. బెంగళూరులో పీజీలో ఉండి పని చేసేదాన్ని, 2020లో ఇంటికొచ్చాను, మళ్లీ పోలేదు.

ఇప్పుడు పూర్తిగా ఇంటి నుంచే. మిద్దె మీద గది. ఎండాకాలంలో స్లాబు కాగిపోయి మధ్యాహ్నం పూట అక్కడ కూర్చోలేం, లాప్‌టాప్ పట్టుకుని కింద హాల్లోకి దిగుతాను. ఇన్వర్టర్ ఫ్యానుకు, రౌటర్‌కు, లాప్‌టాప్‌కు వస్తుంది, కూలర్‌కు చాలదు. నెట్ ఫైబర్‌ది ఒకటి, అది పోతే హాట్‌స్పాట్‌కు వేరే కంపెనీ సిమ్ ఇంకొకటి. అన్నీ నా డబ్బుతోనే పెట్టుకున్నాను. ఇంటి నుంచి ఇస్తున్నాం కదా అని జీతం తగ్గించి మాట్లాడే హెచ్‌ఆర్‌లు ఈ ఖర్చు చూడరు. కంపెనీకి మిగిలే కుర్చీ, కరెంటు, ఏసీ ఇక్కడ నా బిల్లులో పడుతున్నాయి.

ఇంకో బాధ, ఇంట్లో ఉన్నాను కాబట్టి ఖాళీగా ఉన్నానని మా వీధిలో అందరికీ నమ్మకం. గ్యాస్ సిలిండర్ వస్తే తీసుకోమని, కొరియర్ వస్తే సంతకం పెట్టమని, పక్కింటి బిడ్డను కాసేపు చూడమని నన్నే పిలుస్తారు. కాల్‌లో ఉన్నప్పుడు తలుపు గొళ్లెం పెడితే మొదట్లో అందరికీ కోపం వచ్చింది. ఇప్పుడు అలవాటు పడ్డారు.

అయినా నేను ఇదే కోరుకుంటాను. మా నాన్నకు డయాలసిస్ జరుగుతోంది. పొద్దున్నే ఆయన్ను ఆస్పత్రిలో దింపి, వచ్చి పనిలో కూర్చుని, అయ్యాక తీసుకొస్తాను. ఇది బెంగళూరు నుంచి ఎట్లా కుదురుతుంది? వారానికి మూడు రోజులు తిరుపతి అన్నా కుదరదు.

ఆఫర్ ఎప్పుడు వదులుకుంటారని అడిగారు. రోజుల సంఖ్య కన్నా నేను రాత చూస్తాను. ఇంతకుముందు ఒక కంపెనీ (పేరు వద్దు) ఫోన్‌లో ఎప్పటికీ ఇంటి నుంచే అని చెప్పింది. ఆఫర్ లెటర్‌లో మాత్రం పని చేసే చోటు బెంగళూరు అని ఉంది. అడిగితే "అది ఫార్మాట్ అమ్మా, అందరికీ అట్లాగే ఉంటుంది" అన్నారు. ప్రొబేషన్ అయిపోయే సమయానికి, నెలలోపు బెంగళూరు వచ్చి చేరాలని మెయిల్. అప్పటికి పాత ఉద్యోగం లేదు, చూపించడానికి కాగితం లేదు. చట్టం ఆదుకుంటుందా అని చదివాను. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు, సెలవు అయిపోయాక పనిని బట్టి, ఇద్దరూ ఒప్పుకున్న షరతుల మీద ఇంటి నుంచి చేయవచ్చని చేర్చారు. అదీ ఒప్పుకుంటేనే. కాబట్టి మీరు ఒక్కరోజు ఇచ్చినా సరే, దాన్ని ఆఫర్ లెటర్‌లో రాయండి.

ఇంటర్వ్యూలో మీ ఆయన ఏం చేస్తారు, పిల్లలు ఎంతమంది అని అడగొద్దు. అబ్బాయిలను అడగరు కదా. తలుపున్న గది ఉందా, కరెంటు పోతే ఏం చేస్తారు, రెండో నెట్ ఉందా అని అందరినీ అడగండి. మీకు తెలియాల్సింది అదే.

చివరగా ఒకటి. చిత్తూరు నుంచి మీ ఊరు డెబ్భై కిలోమీటర్లు. ప్రతి వారం రాలేను కానీ నెలకోసారి వరుసగా నాలుగు రోజులు అంటే మా అక్కను ఇంటికి పిలిపించుకుని వస్తాను. టీమ్‌తో కూర్చుని పని చేయడం నాకూ ఇష్టమే. ఆ నాలుగు రోజులు శని, ఆదివారాలకు తగలకుండా చూడండి. వారాంతంలో తిరుపతిలో లాడ్జి దొరకడం ఎంత కష్టమో మీకే తెలుసు. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి అయితే చెప్పనే అక్కర్లేదు.

ఎస్వీయూ స్కాలర్:

మేడమ్, నేను ఎస్వీ యూనివర్సిటీలో మేనేజ్‌మెంట్‌లో పరిశోధన చేస్తున్నాను. మీ యజమానికి చూపించడానికి పనికొచ్చేవి చెబుతాను.

స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికోలస్ బ్లూమ్, ఆయన సహచరులు చైనాలో షాంఘైలోని సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీలో రెండుసార్లు ఈ ప్రయోగం చేశారు. మొదటిది కాల్ సెంటర్ వాళ్ల మీద, 2015లో అచ్చయింది. తొమ్మిది నెలలు ఇంటి నుంచి చేసినవాళ్ల పని 13 శాతం పెరిగింది, ఉద్యోగం మానేయడం సగానికి తగ్గింది. నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించింది ఆ తర్వాత జరిగింది. ఇప్పుడు ఎవరికి కావలసింది వాళ్లు ఎంచుకోమంటే సగానికి పైగా తమ మొదటి ఎంపిక మార్చుకున్నారు. ఇంట్లో ఒంటరితనం ఒక కారణం. ఇంకొకటి, ఇంట్లో ఉన్నవాళ్లకు పనితీరుకు తగినన్ని ప్రమోషన్లు రాలేదు. అంటే ఇంటర్వ్యూలో అభ్యర్థి చెప్పే కోరిక ఆ రోజుది. ఏడాదికి మారవచ్చు. మళ్లీ అడిగే ఏర్పాటు ఉండాలి.

రెండోది 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. అప్పటికి ఆ కంపెనీ పేరు ట్రిప్ డాట్ కామ్. ఇంజనీర్లు, మార్కెటింగ్, ఫైనాన్స్ వాళ్లు కలిపి 1,612 మంది. పుట్టిన తేదీ సరిసంఖ్యా బేసిసంఖ్యా అని చూసి విడదీసి, ఒక గుంపుకు బుధ, శుక్రవారాలు ఇల్లు ఇచ్చారు. మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు. రేటింగుల్లో, ప్రమోషన్లలో తేడా రాలేదు. ఆడవాళ్లు, మేనేజర్లు కానివాళ్లు, దూరం నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా నిలబడ్డారు. అయితే షాంఘైలో దూరం అంటే రోజూ వచ్చి పోయే దూరమే. పలమనేరు దూరానికి దాన్ని నేరుగా అన్వయించలేం.

జీతం సంగతి కూడా వచ్చింది కాబట్టి, అమెరికాలో అలెగ్జాండర్ మాస్, అమండా పలేయిస్ కాల్ సెంటర్ ఉద్యోగాలకు దరఖాస్తు చేసినవాళ్లనే పరీక్షించి 2017లో ప్రచురించారు. ఇంటి నుంచి పని కోసం సగటున 8 శాతం జీతం వదులుకోవడానికి సిద్ధపడ్డారు. ఇది చూసి మీ యజమాని జీతంలో 8 శాతం కోస్తానంటే ఒప్పుకోకండి. అది సగటు మాత్రమే, మనిషికీ మనిషికీ చాలా తేడా ఉంది. పైగా మురకంబట్టు మేడమ్ చెప్పిన ఇన్వర్టరూ రెండో నెట్టూ ఆ సగటులో లేవు.

కాళహస్తి తమ్ముడిలా ఇంట్లో చోటు లేనివాళ్లకు మూడో దారి ఒకటి ఉంది. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, ముఖ్యంగా మహిళల కోసం, ఇంటి నుంచి పనిని పెద్ద ఎత్తున పెంచుతామన్నప్పుడు, ఊళ్లలో, మండలాల్లో ఐటీ ఆఫీసు స్థలాలు కట్టేవాళ్లకు ప్రోత్సాహకాల గురించి కూడా చెప్పారు. పలమనేరులో అట్లాంటి చోట ఒక టేబుల్‌కు కంపెనీ అద్దె కట్టినా తిరుపతి హాస్టల్ కన్నా తక్కువే అవుతుందని నా అంచనా.

కొర్లగుంట హెచ్‌ఆర్:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ చాలా కృతజ్ఞతలు. అన్నీ ప్రింట్ తీసి మా యజమాని ముందు పెట్టాను. దూరం వాళ్లకు జీతం కాస్త తగ్గిద్దామనే మాట మొదట వచ్చింది. ఇన్వర్టర్, సిమ్ ఖర్చు చదివి వినిపించాక ఆ మాట వదిలేశారు. ఎప్పటికీ ఇంటి నుంచే అని రాయడానికి మాత్రం ఒప్పుకోలేదు. చిన్న కంపెనీ, అంత దూరం మాట ఇవ్వలేమన్నారు. రెండేళ్ల దాకా మార్చమని రాస్తామన్నారు. అది నాకు న్యాయంగానే అనిపించింది. నిలబెట్టుకోగలిగిన మాటే ఇవ్వాలి కదా. కొత్త ప్రకటన ఇట్లా రాశాను, చూడండి.

"తిరుపతి, చంద్రగిరి, రేణిగుంట, శ్రీకాళహస్తి వంటి రోజూ వచ్చి పోగలిగే ఊళ్లవాళ్లు సోమ, మంగళ, గురువారాలు ఆఫీసుకు రావాలి. ఆ మూడు రోజులూ సీనియర్ డెవలపర్లు ఆఫీసులోనే ఉంటారు. రోజూ రావాలనుకునేవాళ్లకు కుర్చీ ఉంటుంది. అంతకన్నా దూరం వాళ్లకు ఇంటి నుంచి పని. నెలకోసారి మంగళవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసు, ఆ వారం సీనియర్లు నాలుగు రోజులూ ఉంటారు. తేదీలు మూడు నెలల ముందే ఇస్తాం, పండగలకూ బ్రహ్మోత్సవాలకూ తగలవు. సపోర్ట్ ఇంజనీర్ ఆస్పత్రులకు వెళ్లాలి. వారంలో ఒకరోజు ఇంటి నుంచి ఫోన్‌లో సపోర్ట్, ఆ రోజు ఏదో అతను లేదా ఆమె ఎంచుకోవచ్చు. జీతం అందరికీ ఒకే స్కేలు. ఈ ఏర్పాటు ఆఫర్ లెటర్‌లో ఉంటుంది, రెండేళ్లు మార్చం. మీరు మార్చుకోవాలంటే ఆరు నెలలకోసారి అడగవచ్చు."

కాళహస్తి తమ్ముడూ, ఇద్దరు డెవలపర్లలో ఒకరు ఫ్రెషర్ అయినా ఫరవాలేదన్నారు. ఈ సైట్‌లోనే మెసేజ్ పెట్టండి.

మురకంబట్టు కోడర్:

బాగుంది అక్కా. ఆ నాలుగు రోజుల లాడ్జి, బస్సు ఎవరి ఖర్చో లేదు. అదొక్కటి రాయకపోతే దూరం వాళ్లు మళ్లీ ఫోన్ చేసి అదే అడుగుతారు.

కొర్లగుంట హెచ్‌ఆర్:

కనుక్కున్నాను చెల్లీ. రెండూ కంపెనీవే. మహిళలకు లాడ్జికి బదులు మా ఆఫీసు దగ్గరి లేడీస్ హాస్టల్లో గది కావాలన్నా చూస్తాం. ఆ లైన్ చేర్చి సోమవారం ప్రకటన ఇస్తున్నాను.